గంటసేపు నిలవాల్సిన పళ్లెం

నాకు కోపం ఎక్కువ. ఇది గొప్పగా చెప్పుకునే మాట కాదు. మా ఆయనకు తెలుసు, మా షెడ్డులో పనిచేసే ఆడవాళ్లకు తెలుసు, సూర్యాపేట నుంచి నేను రోజూ ఎక్కే బస్సు కండక్టరుకి కూడా తెలుసు. నలభై ఏళ్లకే ఇంత అలసిపోయానంటే సగం ఆ కోపం వల్లే అనుకుంటాను. మిగతా సగం వరిగడ్డి వల్ల.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఎనిమిదేళ్లు వడ్లలో తేమ శాతం చూసే పని చేశాను. కోతలయ్యాక ఆ దారి పొడవునా పొలాల్లో గడ్డికి నిప్పు పెట్టేవాళ్లు. బస్సు కిటికీలు మూసుకుని, ముక్కుకు చున్నీ కట్టుకుని, కళ్లు మండుతుంటే ఇంటికి చేరేదాన్ని. బంగారం లాంటి గడ్డిని ఊరికే బూడిద చేస్తారేమిటి ఈ మనుషులు అని ఒళ్లు మండిపోయేది. ఆ ఆవేశంలోనే ఉద్యోగం మానేశాను. హైదరాబాదులో నెల రోజులు శిక్షణ తీసుకుని, గరిడేపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, వరిగడ్డితో భోజనం పళ్లేలు చేయడం మొదలుపెట్టాను. గడ్డిని ముక్కలు చేసి, ఉడకబెట్టి, రుబ్బి, ఆ గుజ్జును అచ్చుల్లో పోసి వేడి ప్రెస్సులో నొక్కితే పళ్లెం వస్తుంది. తిని పారేస్తే రెండు మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతుంది. చెప్పడానికి నాలుగు ముక్కలే. చేయడానికి రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లలో పళ్లెం చూసిన ప్రతివాళ్లూ "చాలా బాగుంది మేడం, భూమికి మంచిది" అన్నారు. అని, ప్లాస్టిక్ పూత ఉన్న ప్లేట్లే కొనుక్కున్నారు. మెచ్చుకోలు విని విని నా ప్రాణం ఉసూరుమనేది. అలాంటి సమయంలో కోదాడలో ఫంక్షన్ హాలు నడిపే నిఖిల్ ఏప్రిల్‌లో మా పళ్లేలు పరీక్ష చేసి చూసి, జూన్ మొదట్లో జరిగే ఒక పెళ్లికి పదిహేను వందలు ఆర్డరిచ్చాడు. అవి బాగుంటే సీజనంతా మావే అన్నాడు. మా ఆయనతో చెప్పాను, ఇది కూడా కుదరకపోతే షెడ్డుకు తాళం వేసి మళ్లీ మిల్లుకు పోతానని. ఆయన సరే అన్నాడు. ఆయనా అలసిపోయాడు పాపం.

ఇక పెళ్లి రోజు. మొదటి బంతిలో కూర్చున్నవాళ్లు పప్పన్నం దాకా బాగానే తిన్నారు. సాంబారు పోశాక పళ్లేలు మెత్తబడటం మొదలైంది. పెళ్లికూతురి మేనమామ భార్య ఒక పళ్లెం ఎత్తి పట్టుకుంటే మధ్యలోకి కుంగిపోయి, సాంబారంతా ఆవిడ పట్టుచీరె మీద పడింది. అమ్మో, ఆవిడ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వంటవాళ్లు పరుగున వెళ్లి గోడౌన్లోంచి థర్మాకోల్ పళ్లేలు తెచ్చి వేశారు. మిగిలిన మా పళ్లేలను నేనూ ఆటో అబ్బాయీ బస్తాల్లో ఎత్తుకున్నాం. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏంటండీ మేడమ్ ఇది? ఏప్రిల్లో మీరిచ్చినవి రాయిలా ఉన్నాయి. ఇవేమో అప్పడాల్లా ఉన్నాయి," అన్నాడు నిఖిల్. గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏదో పొరపాటు జరిగింది. చూస్తాను," అన్నాను.

"చూడండి. ఎనిమిది రోజులు టైం ఇస్తున్నాను. యాభై ప్లేట్లు తీసుకురండి. సాంబారు పోసి గంటసేపు టేబుల్ మీద పెడతాను. అడుగున తడి కనిపించిందంటే మాత్రం ఇక నాకు ఫోన్ కూడా చేయొద్దండీ."

మర్నాడు షెడ్డుకు వెళ్లేసరికి నా కోపం నెత్తికెక్కి ఉంది. మా దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. అందరిలో పెద్దది సత్తమ్మ, యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు నాట్లు వేసి, నడుం వంగనని మొరాయిస్తే మా దగ్గర చేరింది. తొట్టిలో చెయ్యి పెట్టి గుజ్జు పదును చూసేది ఆమే. గుజ్జు పలచనయితే పళ్లెం మెత్తబడుతుంది కాబట్టి తప్పు ఆమెదే అని దారిలోనే తీర్పు ఇచ్చేసుకున్నాను.

"పదిహేను వందల పళ్లేలు బురద చేసి పెట్టినవ్ సత్తమ్మా," అన్నాను, అందరి ముందూ. రోజూ అక్కా అని పిలిచేదాన్ని. ఆ రోజు ఆ మాట నోట్లోంచి రాలేదు.

"నేనేం జేసిన? గుజ్జు ఎప్పటి లెక్కనే ఉన్నది," అందామె.

"ఎప్పటి లెక్కన ఉంటే ఎందుకు కుంగుతయ్? సాయంత్రం ఎప్పుడైతదా, ఇంటికి ఎప్పుడు పోదామా అని చూసేటోళ్లకు పళ్లెం ఎట్లా పోతే ఏంది!"

సత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, గోడకున్న మేకు నుంచి అన్నం డబ్బా సంచి తీసుకుని వెళ్లిపోయింది. మిగతా ముగ్గురూ తలలు వంచుకుని పనిచేసుకున్నారు. నోరు జారానని అప్పుడే తెలుసు నాకు. తెలిసినా వెనక్కి పిలవలేదు, అదీ నా బుద్ధి.

సత్తమ్మ పోయాక దేవిక అనే అమ్మాయి గుజ్జు చూసింది. చిక్కగా చేయించాను. పళ్లేలు పొద్దున ప్రెస్సు నుంచి కరకరలాడుతూ వచ్చి, మర్నాటికి మళ్లీ మెత్తబడ్డాయి. అచ్చుల్లో తేడా ఉందేమోనని రెండు అచ్చులు విప్పి బస్సులో వేసుకుని సూర్యాపేటలో వాటిని చేసిన జగదీశ్ దగ్గరికి పోయాను.

"మేడం, వీటిని ఏడ పెట్టిన్రు? నిండ తుప్పే ఉన్నది. సముద్రం ఒడ్డుకు పెట్టినట్టున్నయ్," అన్నాడతను.

"నువ్వు నాసిరకం స్టీలు వేస్తే తుప్పు పట్టదా?"

"స్టీలు మంచిదే మేడం. మీ నీళ్లు జర సూస్కోండ్రి."

నేను చూసుకోలేదు. నీళ్ల గురించి నాకు ఒకరు చెప్పడమా? తొట్టిలో నీళ్లు పారబోయకుండా వడకట్టి మళ్లీ మళ్లీ వాడటం నా షెడ్డు ప్రత్యేకత. ఎండాకాలంలో బోరు సన్నబడితే ఒకే నీళ్లను ఇరవై రోజులు తిప్పాను. చుక్క వృథా కాకుండా చేస్తున్నానని వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేదాన్ని కూడా. అచ్చులు రుద్దించుకుని తిరుగు బస్సెక్కాను.

నాలుగో రోజు మధ్యాహ్నం షెడ్డు వెనక బర్రెల గొడవ వినిపించింది. కోదాడ నుంచి తెచ్చిన పళ్లేలను ఎరువుకని అక్కడే కుప్ప పోశాం. నాలుగు బర్రెలు వాటి మీద పడి నాకుతున్నాయి. అలా ఇలా కాదు, ఒకదాన్నొకటి కొమ్ములతో నెట్టుకుంటూ, కళ్లు మూసుకుని మరీ నాకుతున్నాయి. పక్కనే కాలువ గట్టున తొలకరికి మొలిచిన పచ్చగడ్డి ఉంది. దాన్ని వదిలేసి ఈ ఉడికి చచ్చిన గడ్డి ఎందుకు వీటికి?

అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. లోపలికి వెళ్లి ఆ పొద్దున చేసిన పళ్లెం ఒకటి తీసుకుని నాలుక ఆనించాను. ఉప్పు! థూ అని ఉమ్మేసి, అక్కడే ఇటుకల మీద కూలబడ్డాను.

మిల్లులో ఎనిమిదేళ్లు తేమ కొలిచిన దాన్ని, ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఉప్పు గాల్లో తేమను లాగుతుంది. ఏప్రిల్లో గాలి ఎండిపోయి ఉంటే ఏమీ కాలేదు, పైగా అవి పాత గడ్డితో చేసినవి. మృగశిర వానలు పడి గాలి చెమ్మగిల్లేసరికి పళ్లేలు చప్పబడ్డాయి. బోరు నీళ్లు తాగి చూశాను, తియ్యగానే ఉన్నాయి. అప్పుడు గడ్డివాము దగ్గరికి పోయి లోపలి నుంచి ఒక పరక లాగి నమిలాను. ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది.

ఆ గడ్డి దశరథ పెద్దబాపుది. నాకు చుట్టం కాదు, ఊళ్లో అందరూ అలా పిలుస్తారు, నేనూ పిలుస్తాను. డెబ్బై ఏళ్ల రైతు. నా మాట విని గడ్డి కాల్చడం మానేసిన మొదటి మనిషి ఆయనే. తన నాలుగెకరాల గడ్డే కాక అన్నదమ్ములదీ అడిగి తెచ్చి, మా షెడ్డు పక్కనే వాము వేసి పెట్టాడు. ఊళ్లోవాళ్లు, ముసలాయనకు గడ్డి పిచ్చి పట్టింది అని నవ్వితే ఆయన పట్టించుకోలేదు. హోటలు దగ్గర కూర్చుని, మా గడ్డిలో కోదాడోళ్లు పెండ్లి బువ్వ తింటరు అని చెప్పుకునేవాడట.

దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్లాను, గట్టిగా అడగాలని. ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"రా బిడ్డా. కోదాడల ఏమన్నరు? పళ్లేలు మంచిగున్నయన్నరా?"

"పెద్దబాపూ, గడ్డికి ఉప్పు చల్లిన్రా?"

ఆయన ముఖం వెలిగింది. "ఓ, సూసినవా! ఏప్రిల్ వానకు తడిసె గదా. రెండు బస్తాల రాళ్లుప్పు తెచ్చి, వరుసకింత వరుసకింత చల్లి వాము ఏసిన. తడిగడ్డికి ఉప్పు పడకుంటే బూజు పట్టి నల్లగైతది. బర్రెల గడ్డికైతే బస్తా చాలు. నీ గడ్డి అని రెండు చల్లిన."

కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. ఎవరి మీద అరవను? ఈ చుట్టుపక్కల ఏ రైతైనా చేసే పనే, నా కోసం ఇంకాస్త ప్రేమగా చేశాడు. మెల్లగా, సాంబారు పడిన చీరె దగ్గర నుంచి అంతా చెప్పాను. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది. వింటున్నకొద్దీ ఆయన భుజాలు దిగిపోయాయి.

"అంటే నేనే కరాబ్ జేసిననా?"

"మీ ఒక్కరిదే కాదు. నేను రోజూ నీళ్లు మార్చుంటే చాలావరకు కడుక్కుపోయేది. మార్చకపోయేసరికి రోజురోజుకూ పెరిగింది."

 ఆయన కోపం లేకుండా, చాలా అలసటగా అడిగాడు.

"రెండేండ్ల సంది వస్తున్నవ్ బిడ్డా. గడ్డి గురించి నాకు గంటలు గంటలు చెప్పినవ్. కాల్చొద్దన్నవ్, పొగన్నవ్, భూమి కరాబైతదన్నవ్. అన్నీ ఇన్న. నువ్వు ఒక్కపారన్న నన్ను అడిగినవా, పెద్దబాపూ, గడ్డి ఎట్ల దాస్తవ్ అని?"

అడగలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన గడ్డి ఇచ్చే మనిషి, నేను తెలిసిన మనిషిని, అంతే అనుకున్నాను. 

నాలుగు రోజులే మిగిలాయి. ఉప్పు ముట్టని గడ్డి కావాలి. అలాంటిది ఒక్క మత్తయ్య పొలంలోనే ఉంది. కాలువ చివర పొలం కాబట్టి ఆలస్యంగా కోశాడు. తడిసిన గడ్డి మూడు రోజుల ఎండకు మళ్లీ ఆరింది. ఆ సాయంత్రమే కాల్చేస్తాడని తెలిసింది. పెద్దబాపును తోడు రమ్మన్నాను.

"నేను రాను. నువ్వే పోయి అడుగు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఒక్కదాన్నే పోయాను. మత్తయ్య గట్టు మీద అగ్గిపెట్టెతో ఉన్నాడు. ట్రాక్టరాయనా, ఇంకో అయిదారుగురూ పక్కన ఉన్నారు. గడ్డి కావాలన్నాను.

"ముసలాయన వాము గంత పెద్దగుంటె, అది సాలలేదా?"

"ఆర్డర్లు ఎక్కువైనయ్," అన్నాను. ఆయన పరువు కోసమే అబద్ధమాడానని చెప్పుకోవచ్చు. నిజానికి నా పరువు కోసం కూడా.

"ఆర్డర్లా! కోదాడల సాంబారు సంగతి మాకు తెల్వదనుకున్నవా?" అన్నాడు మత్తయ్య. అందరూ నవ్వారు.

అప్పుడు చూశాను, వెనకాల గట్టు మీద పెద్దబాపు వస్తున్నాడు. భుజాన గడ్డి లాగే పంజా ఉంది. వగరుస్తూ వచ్చి అందరి మధ్యా నిలబడ్డాడు.

"ఆర్డర్లు లేవు, ఏం లేవు మత్తయ్యా. ఉప్పు చల్లి గడ్డంతా నేనే కరాబ్ జేసిన. పళ్లేలు కుంగింది నా వల్లనే. నీ గడ్డి కావాలె ఆమెకు."

"ఇన్నొద్దులు మాకు బుద్ధులు చెప్తివి గదనే!" అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

ఆయన పొలంలోకి దిగి గడ్డి లాగడం మొదలుపెట్టాడు.  నవ్వుతున్నవాళ్లు మెల్లగా ఆపేశారు. మత్తయ్య అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని, "పొద్దు గూకేదాక లాక్కపోండ్రి. మిగిలింది కాలుస్త, నాకు దున్నుడున్నది," అన్నాడు. నేనూ దిగాను. ట్రాక్టరాయన ట్రాలీ తెచ్చాడు. అరెకరం గడ్డి తీయగలిగాం. మిగతాదానికి అన్నట్టే నిప్పు పెట్టాడు. పొగలోంచే ట్రాలీ షెడ్డుకు చేరింది.

పెద్దబాపు చేసిన పని నన్ను నిలవనీయలేదు. ఆ మనిషి పదిమందిలో తన తప్పు కాని దాన్ని కూడా నెత్తిన వేసుకున్నాడు. నేను నలుగురిలో ఇంకొకరి నెత్తిన వేసిన తప్పు అలాగే ఉంది. గడ్డి దుమ్ముతోనే సత్తమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"తప్పు నాది అక్కా. గుజ్జులో ఏం తేడా లేదు. అనరాని మాట అన్నాను," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "తిట్టింది నల్గురి ముందట. తప్పు నాదని చెప్పేది ఈడ, ఎవ్వలు లేని కాడనా?" అని చేట తట్టింది. "పొద్దుగాల వస్త. గాడ చెప్పు."

వచ్చింది. అయితే గుజ్జు అయ్యేదాకా నాతో పొడిమాటలే మాట్లాడింది. గడ్డిని మూడుసార్లు కడిగాం, రోజూ తొట్టి నీళ్లు మార్చాం. పారబోసిన ప్రతి బిందెనూ లెక్కపెట్టుకున్నాను, కానీ మార్చాం. మొదటి పళ్లేలను కావాలనే రెండు రాత్రులు వాకిలి దగ్గర చెమ్మగాలికి వదిలేశాం. బయట ముసురు పట్టింది. కోదాడ పోవాల్సిన ముందు రోజు మధ్యాహ్నం, దేవిక తన డబ్బాలో తెచ్చిన పప్పుచారు వేడి చేసి ఒక పళ్లెంలో పోసింది. నలుగురు ఆడవాళ్లూ, నేనూ బల్ల చుట్టూ నిలబడ్డాం.

రెండు రోజులుగా దాటేస్తున్న మాట ఇక దాటేయలేకపోయాను.

"సత్తమ్మక్క చేతిలో తప్పు లేదు," అన్నాను. "గడ్డిలో ఉప్పుంది, నేను నీళ్లు మార్చలేదు. అక్కను నేను అన్యాయంగా అన్నాను. మీ ముందే అన్నాను కాబట్టి మీ ముందే చెప్తున్నాను. తప్పు నాది."

 రేకుల మీద వాన చప్పుడు. పదిహేను నిమిషాలు, అరగంట. పప్పుచారు మీద మీగడలా తెట్టు కట్టింది. పళ్లెం అంచు ఒరగలేదు. కాళ్లు పీకుతున్నా ఎవరూ కూర్చోలేదు. గంట కాగానే దేవిక ఫోను చూసి, "అయింది," అంది.

సత్తమ్మ పళ్లేన్ని ఒక చేత్తో ఎత్తింది. రెండో అరచేత్తో అడుగంతా తుడిచి, ఆ చెయ్యి నా ముఖం ముందు చాపింది.

"సూడు."

పొడిగా ఉంది. దేవిక గట్టిగా ఊపిరి వదిలింది. నేను మాత్రం ఆ చెయ్యి నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. వేళ్ల సందుల్లో తోలు చిట్లి, ఎర్రగా పగిలి ఉంది.

"ఇది ఎప్పటి నుంచి అక్కా?" అని అడిగాను.

"ఎండాకాలం సంది. తొట్టిల పెడితె మంట లేస్తుండె." పళ్లెం బల్ల మీద పెట్టి చేతులు కొంగులో చుట్టుకుంది. "చెప్తె ఇంటుంటివా నువ్వు?"